తొమ్మిదో చరణం పొడవు

ముందు పోయినవి చెబుతాను.

ఎల్పీ రికార్డులు ఆరు వందల నలభై. వాటిలో పాశ్చాత్య జానపదానివి నూట పన్నెండు. పాటలు ఎక్కించి అరల్లో పెట్టిన కేసెట్లు రెండు వేల నూట పద్దెనిమిది. ఖాళీ కేసెట్ల పెట్టెలు ముప్పై ఒకటి. జంట కేసెట్ డెక్కులు రెండు, రికార్డు ప్లేయరు ఒకటి, గోడ గడియారం ఒకటి. పాటల నిడివి రాసుకున్న నోటు పుస్తకాలు తొమ్మిది. పదోది నా గదిలో ఉండబట్టి మిగిలింది. చివరగా, గల్లా కింద విడిగా పెట్టిన కాగితం సంచి ఒకటి. అందులో మా అంగడిది కాని ఒక రికార్డు, ఇంకా పూర్తి చేయని ఒక తొంభై నిమిషాల కేసెట్.

పంతొమ్మిది వందల తొంభై ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన తర్వాతి వారం, హవల్లీలో నా గదిలో కూర్చుని జ్ఞాపకం మీద రాసిన జాబితా ఇది. పైన ఉన్నవన్నీ మా యజమానివి. చివరి సంచి మాత్రం ఎవరిదో చెప్పడానికే ఈ నాలుగు పేజీలు. హోటళ్ళకూ కాఫీ దుకాణాలకూ పాటల వరసలు కట్టే ఉద్యోగంలోకి ఇప్పుడు చాలామంది పిల్లలు వస్తున్నారు. నేను అదే పని ముప్పై ఏడేళ్ళు చేసి పోయిన ఏడాది మానుకున్నాను. జీతాల సంగతి, పెద్ద హోటళ్ళ సంగతి ఎవరైనా చెబుతారు. నేను తప్పుల సంగతి చెబుతాను.

పని ఏమిటంటే

నాది రాయచోటి పక్కన ఒక ఊరు. పదో తరగతి గట్టెక్కలేదు. లెక్కలు మాత్రం మా మేనమామ బియ్యం అంగడిలో, మూటల మీద సుద్దతో రాస్తూ సొంతంగా నేర్చుకున్నాను. పంతొమ్మిదేళ్ళకు కువైట్ వచ్చి హవల్లీలో ఒక కేసెట్ల అంగడిలో చేరాను. యజమాని పాలస్తీనా ఆయన. పెద్దకొడుకు పేరు సమీర్ కాబట్టి అందరూ ఆయన్ను అబూ సమీర్ అనేవాళ్ళు, అంటే సమీర్ నాయన.

మనిషి వచ్చి కావలసిన పాటలు చెబితే ఎక్కించి ఇవ్వాలి. ఏం కావాలో తనకే తెలియకపోతే మనమే ఎంచి ఇవ్వాలి. అది చట్టం ఒప్పే పని కాదని తర్వాత తెలిసింది. అప్పట్లో ఆ వీధి వీధంతా అదే పని చేసేది. అరబ్బీ పాటలు, హిందీ పాటలు యజమాని చూసుకునేవాడు. ఇంగ్లీషు పాటలు నాకు వదిలేశాడు. ఇంగ్లండు టీచర్లు, చమురు కంపెనీల ఇంజనీర్లు, నర్సులు వచ్చేవాళ్ళు. వాళ్ళు అడిగేవి హిట్ పాటలని అనుకుంటారు మీరు. కాదు. పరాయి దేశంలో మనిషి ముందుగా అడిగేది అమ్మమ్మ పాట. అందుకే మా అరల్లో జానపదానికి అంత చోటు.

నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. నా పనితనమంతా నిడివిలో ఉండేది. ప్రతి పాటనూ గడియారం ముందు పెట్టి నిమిషాలు, సెకన్లు నోటు పుస్తకంలో రాసుకునేవాణ్ణి. కేసెట్ ఒక పక్కకు ముప్పై నిమిషాలంటే, ఏ పాట పక్కన ఏ పాట పెడితే ముప్పై నిండుతుందో నోటిలెక్కన చెప్పేవాణ్ణి. నేను నింపిన కేసెట్‌లో చివర పది సెకన్లకు మించి ఖాళీ ఉండేది కాదు. అబూ సమీర్ వచ్చినవాళ్ళకల్లా నన్ను చూపించి పందెం కాసేవాడు. నాకు అది గర్వంగా ఉండేది. ఇప్పుడు అనుకుంటాను, ఆ గర్వాన్ని మొదటి ఏడాదే ఎవరైనా విరగ్గొట్టి ఉంటే బాగుండేదని.

హుషారు పాట

నిజానికి ఒకాయన విరగ్గొట్టబోయాడు. నాకే అర్థం కాలేదు.

చమురు కంపెనీ ఇంజనీరు ఒకాయన కూతురి పుట్టినరోజుకు అరగంట పాటలు కావాలన్నాడు. హుషారైనవి, పాతవి, పిల్లలు గంతులేసేవి. నేను ఫిడేలు జోరుగా ఉన్న పాటలు ఏరి, ముప్పై నిమిషాలు నిండుగా కట్టి ఇచ్చాను. మూడో రోజు ఆయన తిరిగి వచ్చాడు. కోప్పడలేదు, నవ్వు ఆపుకుంటున్నాడు. అబూ సమీర్‌తో ఏదో చెప్పి వెళ్ళిపోయాడు.

“యా మస్తాన్,” అని నన్ను పిలిచాడు అబూ సమీర్, “నాలుగో పాట దేని గురించో తెలుసా?”

“తెలీదు. రెండు నిమిషాల యాభై సెకన్లు.”

“ఒకడు తన పెళ్ళాన్నీ, అత్తనూ, బావమరిదినీ వరసగా ఏట్లో తోసేస్తాడంట. పిల్లలందరూ చప్పట్లు కొట్టి పాడుతుంటే వాళ్ళ ముసలమ్మ మాటలు విని కుర్చీలోంచి లేచిపోయిందంట.”

“వరస బాగుంది కదా మరి.”

“వరస బాగుంది. నీకు పాట పొడుగు తెలుసు, పాట తెలీదు. ఇంగ్లీషు నేర్చుకో. ఖలాస్.”

నేను ఇంగ్లీషు నేర్చుకోలేదు. ఇంకో నోటు పుస్తకం కొనుక్కున్నాను.

ఏవి వినాలి

ఈ ముప్పై ఏడేళ్ళలో నేను నేర్చుకున్నది ఇక్కడ పెడతాను, ఎందుకంటే దీన్ని వినకుండా పనిలోకి దిగేవాళ్ళను చాలామందిని చూశాను.

పాశ్చాత్య జానపదంలోకి వెళ్ళేవాళ్ళు గిటారు పాటలతో మొదలుపెట్టకండి. ముందు వాద్యం లేని గొంతు పాటలు వినండి. స్కాట్లాండు, ఐర్లాండు, ఇంగ్లండు పల్లెల్లో ఒక్క మనిషి ఏ తోడూ లేకుండా పాడే కథ పాటలు. ఎనిమిది, పది, ఒక్కోసారి ఇరవై చరణాలు. అన్నీ ఒకే వరస. మన సినిమా పాట అలవాటైన చెవికి విసుగు పుడుతుంది. ఆ విసుగు దాటాలి. అక్కడ వరస బండి మాత్రమే, సరుకు మాటల్లో ఉంటుంది.

తర్వాత పని పాటలు: ఓడల్లో తాడు లాగేవాళ్ళవి, బొగ్గు గనులవి, పత్తి చేలవి. వీటిని ఒక్క గొంతుతో కాక గుంపు పాడినవి ఎంచండి. ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారో వింటే తాడు ఎప్పుడు లాగుతున్నారో తెలుస్తుంది. మా వైపు చెక్కభజన చూసినవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాతే గిటారు, మౌతార్గాను పట్టుకుని యుద్ధాలు వద్దని పాడిన కాలపు పాటలు. మంచివి మహా మంచివి. కానీ గొంతులో తాము గొప్పవాళ్ళమన్న ధోరణి వినబడే పాటలు కూడా వాటిలోనే ఎక్కువ. పదిలో నాలుగు ఉంచుకోండి.

ఇక ఈ మధ్యవి. పాతికేళ్ళ పిల్లలు తమ గదిలోనే రికార్డు చేసి వదులుతున్నారు. పదిలో ఆరు ఊపిరి ఎక్కువ, పాట తక్కువ. మిగతా నాలుగింట్లో మాత్రం ఒక మంచి సంగతి ఉంది. వాళ్ళు మళ్ళీ పొడుగు కథ పాటల దగ్గరికి వెళ్తున్నారు, చరణాలు మానకుండా పాడుతున్నారు. అలాంటి పాట దొరికితే ముందు చివరి చరణం ఉందో లేదో చూసుకోండి. ఎందుకో కింద చెబుతాను.

ముప్పై నిమిషాల ముప్పై ఎనిమిది సెకన్లు

సైన్యం వచ్చిన ఆ వేసవి మొదట్లో మార్తమ్మ అంగడికి వచ్చింది. నరసాపురం దగ్గరి ఆమె, నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. పక్క పేట జాబ్రియాలో ఒక ఇంట్లో పనిచేసేది. చేతిలో ఒక పాత రికార్డు, తువాలులో చుట్టి పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుంది.

“తెలుగోడివేనంట కదయ్యా నువ్వు? మా మామాది ఇది. ఇంట్లో రికార్డు మిషను కాలిపోయింది. కేసెట్లోకి ఎక్కించియ్యాలి.”

మామా అంటే ఆ ఇంటి యజమానురాలు. స్కాట్లాండు సముద్రం ఒడ్డు ఊరి మనిషి. వయసులో ఉండగా నర్సుగా వచ్చి ఇక్కడి ఆయన్ను పెళ్ళాడి ఉండిపోయింది. ఆయన పోయాడు. మార్తమ్మ అంగడికి రావడానికి ముందు ఏడాది పక్షవాతం వచ్చి ఆమెకు మాట పడిపోయింది.

“మాట లేదు గానీ పాట ఉందయ్యా,” అంది మార్తమ్మ. “ఈ రికార్డులో ఆఖరి పాట పెడితే దాంతో పాటు పాడుద్ది. పాట అయ్యాక కాసేపు నోరు తెరుచుకుంటది. ‘మార్తా, టీ’ అంటది. ‘కిటికీ తియ్యి’ అంటది. అదీ పావుగంటే. రోజుకు ఆ పావుగంటే మా ఇద్దరికీ.”

ఆ రికార్డు ఏ కంపెనీదీ కాదు. ఆమె ఊరివాళ్ళు సొంత ఖర్చుతో కొన్ని ప్రతులు వేయించుకున్నది. నేను గడియారం ముందు పెట్టి విన్నాను. మార్తమ్మ చెప్పిన పాట ఒక ఆడమనిషి ఒంటరి గొంతు. ఆరంభంలో నాలుగు సెకన్లు సూది గీసుకునే చప్పుడు, తర్వాత తొమ్మిది చరణాలు, ఒక్కోటి ముప్పై ఎనిమిది సెకన్లు. మొత్తం ఐదు నిమిషాల నలభై ఆరు. ఆ పక్కన ఉన్న మిగతా పాటలు ఇరవై నాలుగు నిమిషాల యాభై రెండు. కలిపితే ముప్పై నిమిషాల ముప్పై ఎనిమిది సెకన్లు.

అరవై నిమిషాల కేసెట్ ఒక పక్కకు ముప్పై నిమిషాలు. ఎక్కువైంది సరిగ్గా ఒక చరణం. తొమ్మిదీ ఒకే వరస, ఎనిమిదైనా తొమ్మిదైనా ఒకటే అనుకున్నాను. ఎనిమిదో చరణం చివర గొంతును మెల్లగా తగ్గించి ఆపేశాను. ముప్పైకి ముప్పై. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది.

మా ఊళ్ళో పీర్ల పండక్కి గుండం చుట్టూ పాడే పాటల్లో ఆఖరి చరణంలోనే అమరుడి పేరు వస్తుంది. అది రాకుండా పాట ఆపినవాణ్ణి మా నాయనమ్మ గుండం దగ్గరికి రానిచ్చేది కాదు. నేను ఆ పాటల మధ్య పెరిగినవాణ్ణి. సముద్రం అవతలి పాటకు ఆ నియమం ఉంటుందని తోచలేదు, అంతే.

పదిహేను రోజులకు మార్తమ్మ రికార్డు పట్టుకుని మళ్ళీ వచ్చింది.

“తమ్ముడూ, నీ పాట ఆగిపోతంది.”

“ఆగలేదక్కా. అంతే పాట అది. అన్ని చరణాలూ ఒగటే.”

“ఒకటే అయితే ఆవిడ ఎందుకు నోరు తెరుచుకుని నా వంక చూత్తా ఉంటది? ఇంకోటేదో రావాలి. అది రావట్లేదు. మాటా రావట్లేదు. టీ అని అడిగి పదిహేను రోజులైంది.”

నేను వాదించాను. టేపు పొడవు గురించి, నిమిషాల గురించి లెక్క వేసి చూపించాను. ఆమె ఓపిగ్గా అంతా విని అంది:

“నీ లెక్క బానే ఉంది తమ్ముడూ. మరి నువ్వు కోసింది ఏంటి?”

అబూ సమీర్ వెనక నుంచి అడిగాడు, ఏం గొడవని. చెప్పాను. ఆయన రికార్డు పెట్టి చివరి చరణం విన్నాడు. ఆయనకు ఇంగ్లీషు వచ్చు. వింటూ వింటూ ముఖం తిప్పుకున్నాడు. “కథ అంతా దీంట్లోనే ఉంది, గాడిదా. మళ్ళీ ఎక్కించు. మొత్తం,” అన్నాడు. ఆ చరణంలో ఏముందని నేను అడగలేదు. అడగడానికి సిగ్గేసింది. జీవితంలో చాలా సిగ్గులు పడ్డాను, ఇంత ఖరీదైనది ఇంకొకటి లేదు.

బుధవారం

తప్పు దిద్దుకోవాలని పెద్ద పని పెట్టుకున్నాను. తొంభై నిమిషాల కేసెట్ తీసుకుని, మొదటి పక్క మొట్టమొదట ఆమె పాట తొమ్మిది చరణాలతో ఎక్కించాను. దాని వెనక ఆమెకు నచ్చుతాయని అలాంటి గొంతు పాటలు, ఓడ పాటలు, ఆ తర్వాత కొత్తవి. పాత నుంచి కొత్త దాకా ఒక వరస. నేను కట్టినవాటిలో అంత శ్రద్ధగా కట్టినది లేదు. మొదటి పక్క నిండింది. రెండో పక్క ముప్పై నాలుగు నిమిషాలు నిండి పదకొండు మిగిలాయి. గురువారం లండను నుంచి కొత్త రికార్డుల పార్సెలు రావాలి. వాటిలో రెండు పాటలు వేస్తే సరిపోతుంది.

బుధవారం సాయంత్రం మార్తమ్మ వచ్చింది. కేసెట్ గల్లా మీదే ఉంది.

“అయిపోయిందా?”

“నీ పాట అయిపోయిందక్కా. ఎనక పక్క పదకొండు నిమిషాలు ఖాళీ ఉండాది. రేపు సాయంత్రం రా, నిండుగా ఇస్తా.”

“ఖాళీ ఉంటే ఏం? కరుత్తాదా? ఇచ్చెయ్ తమ్ముడూ, బస్సుకి ఇరవై నిమిషాలు నిలబడి వచ్చా.”

“అట్ల ఇచ్చేది లేదక్కా. ఖాళీ టేపు ఇస్తే మా అంగడి పేరు పోతాది. ఒక్క దినమే కదా.”

ఆమె నా వైపు చూసి నవ్వింది. “నీ ఖాళీ పాడుగాను,” అంది. “రేపు ఆరింటికి వత్తా. లేదంటే నిన్నే కేసెట్లో వేసి తీసుకుపోతా.”

నేను కేసెట్‌నూ రికార్డునూ కాగితం సంచిలో పెట్టి గల్లా కింద ఉంచాను. తెల్లవారితే గురువారం. పార్సెలు రాలేదు. సైన్యం వచ్చింది.

నోటు పుస్తకం

నాలుగు రోజులు గది దాటలేదు. ఐదో రోజు అంగడికి వెళ్ళాను. షట్టరు వంచి ఉంది. లోపల అరలు కూడా లేవు. ఎవరు తీసుకెళ్ళారన్నది చూసినవాళ్ళు తలా ఒకటి చెప్పారు. నేను నేల మీద కూర్చుని గల్లా ఉన్న చోట చేత్తో తడిమాను. సున్నం పెళ్ళలు తప్ప ఏమీ లేవు. అబూ సమీర్ గుమ్మంలో నిలబడి, “లే, పోదాం,” అన్నాడు. ఆ తర్వాత పది రోజులకు ఆయన కుటుంబంతో అమ్మాన్ వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళిన నాలుగు రోజులకు, పొద్దున తొమ్మిదింటికి, మార్తమ్మ నా గది తలుపు కొట్టింది. జాబ్రియా నుంచి నడిచి వచ్చింది. దారిలో రెండు చోట్ల సైనికులు ఆపారట. రొట్టెలు తెచ్చింది నాకు.

“మన వాళ్ళంతా పోతాండారు కదా అక్కా. నువ్వు పోలేదే?”

“ఎవరి మీద వదిలి పోను? కొడుకూ కోడలూ సెలవులకని జులైలోనే లండనెళ్ళారు, అక్కడే చిక్కుబడ్డారు. డ్రైవరు పారిపోయాడు. ఇంట్లో ఆవిడా నేనూ.” కూర్చుని చెమట తుడుచుకుంది. “కేసెట్ ఉందా?”

నేను తల అడ్డంగా ఊపాను. ఆమెకు ముందే తెలిసినట్టుంది. సంచిలోంచి ఒక పిల్లల కాపీ పుస్తకం తీసింది. అందులో తెలుగు అక్షరాలతో వరసగా రాసి ఉంది. ఇంగ్లీషు పాట. ఎనిమిది చరణాలు. ఒక్క మాటకూ అర్థం తెలియకుండా, టేపు ఆపి ఆపి విని, చర్చి పాటల పుస్తకం రాసుకున్నట్టు అంకెలు వేసి రాసుకుంది.

“టేపుతో పాటు నేనూ పాడితే ఆవిడకి ధైర్యంగా ఉంటదని రాసుకున్నా. ఎనిమిదీ వచ్చు నాకు. తొమ్మిదోది చెప్పు తమ్ముడూ. అర్థం చెప్పక్కర్లేదు. మాటలు చెప్పు, రాసుకుంటా. మిగతాది నేను చూసుకుంటా.”

పెన్సిలు పట్టుకుని నా నోటి వంక చూసింది.

ఆ చరణాన్ని నేను ఎన్నిసార్లు విన్నాను! మొదట నిడివి కోసం, తర్వాత కోసేటప్పుడు, తర్వాత మళ్ళీ ఎక్కించేటప్పుడు. ఏడుసార్లకు తక్కువ కాదు. గుర్తు చేసుకోబోతే వరస వచ్చింది. పాడినామె ఊపిరి తీసుకున్న చోటు వచ్చింది. మాట ఒక్కటి రాలేదు. పదో నోటు పుస్తకం తెరిచాను. పాట ఎదురుగా నా చేతిరాతలో ఉంది: తొమ్మిది చరణాలు, ఒక్కోటి ముప్పై ఎనిమిది.

“ఏం రాసుంది?” అంది.

“ముప్పై ఎనిమిది సెకన్లు అని ఉండాదక్కా.”

“ముప్పై ఎనిమిది సెకన్లేం చేసుకోనయ్యా నేను?”

తిట్టినట్టు అనలేదు. నిజంగానే అడిగింది. పెన్సిలు పుస్తకంలో పెట్టుకుని లేచింది. మెట్ల దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, “నువ్వు ఎళ్ళిపో తమ్ముడూ. మీ అమ్మ ఎదురు చూత్తా ఉంటది,” అంది.

సెప్టెంబరు చివర బస్సులో బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేరి, అక్కడి నుంచి విమానంలో బొంబాయి వచ్చాను. నా సామానులో ఆ నోటు పుస్తకం ఉంది.

తర్వాత

యుద్ధం ముగిసిన రెండో ఏడు కువైట్ తిరిగి వెళ్ళాను. నష్టపోయినవాళ్ళకు ఇచ్చిన ఫారంలో నా పరుపు, రేడియో, రెండు నెలల జీతం రాశాను. కొన్నేళ్ళకు అది వచ్చింది. నాకు రావలసింది వచ్చింది కాబట్టి ఆ సంగతి ఇక్కడితో వదిలేస్తాను.

తిరిగి వెళ్ళిన మొదటి శుక్రవారమే జాబ్రియా వెళ్ళాను. మార్తమ్మ అదే ఇంట్లో ఉంది, ఇప్పుడు కొడుకు పిల్లలను చూసుకుంటోంది. నన్ను గుర్తుపట్టి, “ఖాళీ తమ్ముడా!” అంది. టీ ఇచ్చింది.

మామా జనవరిలో, బాంబులు పడడానికి మూడు రోజుల ముందు పోయిందట. నిద్రలోనే.

“పాట?” అన్నాను.

“రోజుకు రెండుసార్లు పెట్టేదాన్ని. ఎనిమిదీ ఇద్దరం పాడేవాళ్ళం. తర్వాత టేపు ఆగిపోద్ది కదా. అప్పుడు ముప్పై ఎనిమిది లెక్కపెట్టేదాన్ని.”

నాకు మొదట అర్థం కాలేదు.

“నువ్వు చెప్పావు కదయ్యా, ముప్పై ఎనిమిదని. ఆవిడ చెయ్యి పట్టుకుని మనసులో ఒకటీ రెండూ అనుకుంటా ముప్పై ఎనిమిది దాకా ఆగేదాన్ని. ఆవిడ లోపల పాడుకుంటందేమో, మధ్యలో మనం మాటాడితే పాడైపోద్దేమో అని. లెక్క అయ్యాక ‘మామా, టీ తాగుతారా’ అనేదాన్ని.”

“మాట్లాడిందా?”

“లేదు తమ్ముడూ. నా నోటి వంకే చూసేది.”

తర్వాత ఉద్యోగంలో పాట కోసం వెతకగల సాధనాలన్నీ నా చేతికి వచ్చాయి. సీడీలు వచ్చాయి, కంప్యూటర్లు వచ్చాయి, ఫోనులో లోకంలోని పాటలన్నీ వచ్చాయంటున్నారు. ఇంగ్లీషు కూడా నేర్చుకున్నాను, ముప్పై దాటాక. మార్తమ్మ పుస్తకంలోంచి రాసుకొచ్చిన ఎనిమిది చరణాలూ అప్పటికి అర్థమయ్యాయి. ఆ కథనే చెప్పే పాటలు నాలుగు దొరికాయి. సముద్రం మీదికి వెళ్ళిన మనిషి కోసం ఒక పిల్ల ఒడ్డున నిలబడుతుంది. ఒకదాంట్లో అతను తిరిగి వస్తాడు. ఒకదాంట్లో రాడు. ఒకదాంట్లో వచ్చినా ఆమె గుర్తుపట్టదు. నాలుగోదాంట్లో ఆమే నీళ్ళలోకి నడుస్తుంది. వరస ఏదీ అది కాదు, మాటలు ఏవీ మార్తమ్మ పుస్తకంలోని ఎనిమిదికి కలవవు. జానపదం అంతే, ఊరికో ముగింపు. ఒకదానికి బదులు ఇంకొకటి వేయకండి. జాబ్రియా ఇంట్లో ఆమె ఏ ముగింపు కోసం నోరు తెరిచి ఎదురు చూసిందో నాకు తెలియదు. తెలిసిన అబూ సమీర్‌ను అడుగుదామంటే, చిరునామా దొరికేసరికి ఆయన కూడా లేడు.

అలవాటు కొద్దీ ఒకసారి గుణించి చూశాను. రోజుకు రెండుసార్లు, సుమారు నూట యాభై రోజులు, ఒక్కోసారి ముప్పై ఎనిమిది. మూడు గంటల పది నిమిషాలు వచ్చింది. ఆ కాగితం చింపేశాను. ఆ సమయం మార్తమ్మ ఇచ్చినది, నా పద్దులోకి రాదు. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళు నా నుంచి ఒక్కటి పట్టుకుపోతే చాలు. వినేవాళ్ళు అడిగిన పాట సిద్ధంగా ఉంటే, మిగతాది ఖాళీగా ఉన్నా సరే, ఆ సాయంత్రమే చేతిలో పెట్టి పంపండి.

పదో నోటు పుస్తకం నా దగ్గరే ఉంది. అందులో ఎక్కించి ఇచ్చేసిన ప్రతి పాట పక్కన గీత కొట్టి ఉంటుంది. ఒక్క పాటకు ఎనిమిది చరణాల దాకానే కొట్టాను. ఇవ్వవలసినది ఇంకా ముప్పై ఎనిమిది సెకన్లు.